డెరెక్ ఎవరు? ఏడాది నిండకుండానే చెదిరిపోయిన ఒక బ్లూస్-రాక్ బృందం

పాతక్యాసెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

నిన్న రాత్రి భోజనాలయ్యాక మా అబ్బాయి చెవిలో పెట్టుకున్నది తీసి, "నాన్నా, డెరెక్ అండ్ ద డామినోస్‌లో డెరెక్ ఎవరు?" అని అడిగాడు. "ఆ పేరు గల మనిషి అందులో లేడురా" అన్నాను. నమ్మలేదు. వాడికి చెప్పడం మొదలుపెట్టాను, వాడు పడుకున్నాక కూడా నాలో నేనే చెప్పుకుంటూ ఉండిపోయాను. ఇక్కడ రాసేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

1970 నాటికి ఎరిక్ క్లాప్టన్‌కు పాతికేళ్లు. ఆ వయసుకే యార్డ్‌బర్డ్స్, జాన్ మేయాల్ బృందం, క్రీమ్, బ్లైండ్ ఫెయిత్ అన్నీ దాటి వచ్చేశాడు. లండన్ గోడల మీద అతడే దేవుడని రాసిన అభిమానులున్నారు. ఆ కీర్తి అతడికి మోయలేని బరువైంది. అమెరికా దంపతులు డెలానీ, బోనీల బృందంలో ఓ పక్కన నిలబడి వాయించినప్పుడే ప్రాణం హాయిగా ఉందని గ్రహించాడు. వాళ్ల దగ్గర పనిచేసిన ముగ్గురే తర్వాత అతడితో చేరారు. ఆర్గాన్, పియానో, సగం పాట బాబీ విట్లాక్‌వి. బేసు గిటారు కార్ల్ రాడిల్‌ది. డ్రమ్స్ జిమ్ గోర్డన్‌వి. బృందం రూపు కడుతున్న రోజుల్లోనే బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ సొంత ఆల్బమ్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' రికార్డింగుల్లో వీళ్లంతా వాయించారు.

1970 జూన్ 14న లండన్ లైసియంలో తొలి కచేరీ. వేదిక ఎక్కే దాకా బృందానికి పేరే లేదు. అదే వేదిక మీద వాయించాల్సిన టోనీ యాష్టన్ క్లాప్టన్‌ను 'డెల్' అని పిలిచేవాడు, ఆ పిలుపులోంచే డెరెక్ పుట్టాడని ఎక్కువమంది చెప్పేది. ఆ వేసవిలో బ్రిటన్‌లో చిన్న చిన్న క్లబ్బులు తిరిగారు, ప్రకటనల్లో క్లాప్టన్ పేరు వేయకూడదన్న షరతుతో. ఆగస్టు చివర మయామీ వెళ్లి రెండు రికార్డుల ఆల్బమ్ చేశారు. నవంబరులో అది బయటికొచ్చింది. అట్ట మీద ఒక అమ్మాయి బొమ్మ ఉంది గాని అక్షరం ముక్క లేదు. ఇంగ్లండులో చార్టు గుమ్మం కూడా ఎక్కలేదు, అమెరికాలో 16వ స్థానం దాటలేదు. కంపెనీవాళ్లు చివరికి 'డెరెక్ అంటే ఎరిక్' అని బ్యాడ్జీలు పంచుకోవలసి వచ్చింది! 1971 వసంతంలో రెండో ఆల్బమ్ సగంలో ఉండగా బృందం చెదిరిపోయింది.

నా పేరు చూసి ఊహించే ఉంటారు, నాకు ఇది క్యాసెట్టు మీద పరిచయం. అమెరికా నుంచి సెలవుకు వచ్చిన మా పెద్దనాన్నగారి అబ్బాయి అరవై నిమిషాల టేపు మీద తనకు నచ్చినవి ఎక్కించి ఇచ్చాడు. చివరిది ఆ ఆల్బమ్‌లోని 'లైలా'. గిటార్ల గోల తగ్గి పియానో మొదలై అర నిమిషం అయ్యేసరికి టేపు అయిపోయి, మీట టక్కున పైకి లేచేది. ఆరేళ్లపాటు ఆ పాట అక్కడితో అయిపోతుందనే అనుకున్నాను. మీట లేచే చప్పుడు కూడా పాటలో భాగమే నాకు.

నన్ను తొలిచేది ఒక్కటే. తన పేరు దాచుకోవాలని బయల్దేరినవాడి పేరే నిలిచింది. మిగతావాళ్ల పేర్లు దాగిపోయాయి. వాళ్ల గురించి మీకు తెలిసింది రాయండి.

ఆరుతీగలు

క్యాసెట్టు గారూ, మయామీ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. అసలు కథంతా అక్కడే ఉంది, నన్ను చెప్పనివ్వండి.

క్రైటీరియా స్టూడియో. నిర్మాత టామ్ డౌడ్. ఈయన సంగతి విడిగా ఒక చర్చకు సరిపోతుంది. కుర్రతనంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో అణుబాంబు పరిశోధనకు సంబంధించిన పని చేసి, తర్వాత అట్లాంటిక్ రికార్డ్స్‌లో మిక్సింగు బల్ల ముందు స్థిరపడిన మనిషి. క్రీమ్ 'డిజ్రేలీ గియర్స్'కు ఇంజనీరు ఆయనే, కాబట్టి క్లాప్టన్ అంటే గోడలు అదిరే మార్షల్ ఆంప్లిఫయర్ పెట్టెలని ఆయనకు తెలుసు. ఈసారి చూస్తే చేతిలో పట్టేంత ఫెండర్ చాంప్ పెట్టెలు. అయిదు వాట్ల సరుకు, మన ఇంట్లో పాత రేడియో పాటిది. అంత చిన్న పెట్టె నిండుగా అరిస్తే ఏ శబ్దం వస్తుందో ఆ ఆల్బమ్ మొత్తం ఆ శబ్దమే.

మొదటి రోజులు నీరసంగా నడిచాయి. మత్తు పదార్థాలు పుష్కలంగా ఉన్నాయి గాని పాటలు లేవు. ఆగస్టు 26న ఆల్‌మన్ బ్రదర్స్ బృందం మయామీలో కచేరీ చేసింది. వాళ్ల ఆల్బమ్ కూడా డౌడ్ చేతిలోనే ఉంది కాబట్టి క్లాప్టన్ బృందాన్ని ఆయనే వెంటబెట్టుకు వెళ్లి వేదిక ముందు కూర్చోబెట్టాడు. డ్వేన్ ఆల్‌మన్ కళ్లు మూసుకుని సోలో వాయిస్తున్నాడు. కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా క్లాప్టన్! చేతులు ఆగిపోయాయి. పక్కనున్న డికీ బెట్స్, తీగ తెగిందేమో అనుకుని తాను అందుకున్నాడు. తర్వాత అటు చూసి విషయం అర్థమై, తానూ వెనక్కి తిరిగి నిలబడి వాయించాడట. చూస్తే తన చేతులూ ఆగిపోతాయని.

ఆ రాత్రి అందరూ స్టూడియోకు వెళ్లి మర్నాడు మధ్యాహ్నం దాకా వాయిస్తూనే ఉన్నారు. డ్వేన్ చూసి పోదామని వచ్చి ఉండిపోయాడు. 14 పాటల్లో మొదటి మూడు తప్ప అన్నింటిలోనూ అతడున్నాడు. ఎడమచేతి ఉంగరపు వేలికి తొడిగే అతడి స్లైడ్ ఏమిటో తెలుసా? జలుబు మాత్రల గాజు సీసా. దాన్ని తీగల మీద జారుస్తుంటే స్వరానికీ స్వరానికీ మధ్య మెట్లు ఉండవు, అంతా జారుడే. గోటువాద్యం విన్నవాళ్లకు చప్పున అర్థమవుతుంది.

'లైలా' మొదట్లో మన ప్రాణం తీసే ఆ ఏడు స్వరాల ముక్క కూడా డ్వేన్ ఇచ్చిందే. 'యాజ్ ద ఇయర్స్ గో పాసింగ్ బై'లో ఆల్బర్ట్ కింగ్ తీరిగ్గా, ఏడుపు గొంతుతో పాడిన ఒక వరుసను తీసుకుని వేగం పెంచాడు. ఏడుపును పరుగెత్తిస్తే కేక అయింది.

ఒకటిన్నరశ్రుతి

నాకు గిటారు రాదు. హార్మోనియం మీద మాత్రం ఏ పాటైనా పట్టేస్తానని ఒక గర్వం ఉండేది. ఆ గర్వం ఈ పాట దగ్గర పోయింది.

రెండో సగంలో వచ్చే పియానో భాగాన్ని ఒకటి శ్రుతిలో పట్టాను. రికార్డు నాకంటే కాస్త పైన ఉంది. సరే అని ఒకటిన్నరకు వెళ్లాను. ఇప్పుడు రికార్డు కింద ఉంది. తెల్ల మెట్టుకూ నల్ల మెట్టుకూ మధ్య సందులో ఎక్కడో కూర్చుంది. నా పెట్టెలో రీడ్లు దిగాయేమో అని బాగుచేసే ఆయనకు చూపించాను కూడా. ఆయన తంబురా పెట్టి చూసి "పెట్టె బంగారంలా ఉందమ్మా, మీ పాటే బాగాలేదు" అన్నారు. తప్పు ఎవరిదో చెప్పండి.

ఆరుతీగలు

పెట్టెది కాదు, మీదీ కాదు. టేపుది.

ఆ పాట రెండు ముక్కలు. మొదటిది వాయించిన కొన్ని వారాలకు, గోర్డన్ పియానో దగ్గర కూర్చుని వాయించుకుంటున్న మరో బాణీని క్లాప్టన్ విని, దీన్ని తోకగా పెడదాం అన్నాడు. విడిగా రికార్డు చేసి అతికించారు. మిక్సింగులో ఆ రెండో ముక్క టేపు వేగం కాస్త పెంచారు. వేగం పెంచితే శ్రుతీ పెరుగుతుంది కదా. అసలు వాయించింది మీ ఒకటి శ్రుతిలోనే. రికార్డులో అది ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య వేలాడుతూ ఉంటుంది.

ఇంకో సంగతి గమనించారా? మొదటి ముక్కే రెండు శ్రుతిలో మొదలై, పాట అందుకోగానే ఒకటిన్నరకు దిగిపోతుంది. కింద నేల జారినట్టుంటుంది. పల్లవికి మళ్లీ రెండుకు ఎక్కుతాడు. కాళ్ల మీద పడి బతిమాలే మనిషి ఒకచోట నిలబడలేడు, ఆ పాటా అంతే.

ఒకటిన్నరశ్రుతి

ఆ బాగుచేసే ఆయనకు ఈ సంగతి చెప్పి తీరాలి. రీడ్ల కోసం రెండు వందలు పుచ్చుకున్నారు.

గోడమీదిపిల్లి

అందరూ పారవశ్యంలో ఉన్నారు, నేను కాస్త నీళ్లు చల్లుతాను. ఒక ఆల్బమ్, ఒక విఫలమైన సింగిల్, ఒక అమెరికా యాత్ర. ఇంతేగా వీళ్ల మొత్తం ఆస్తి. మంచి గిటారిస్టు కొందరు మంచి వాద్యకారుల్ని పెట్టుకున్నాడు. దానికి ఇంత చరిత్రా? పైగా అందులో అయిదు పాటలు ఇతరులవి. నల్లజాతి వాళ్ల పాటలు తెల్లవాళ్లు వాయిస్తే రాక్ అయింది, డబ్బు వచ్చింది. ఎందుకీ భజన?

నల్లరేగడి

పిల్లిగారి మాటలో సగం న్యాయం ఉంది.

'కీ టు ద హైవే' అనగానే గుర్తుకు రావలసింది బిగ్ బిల్ బ్రూంజీ. 'నోబడీ నోస్ యూ వెన్ యూ ఆర్ డౌన్ అండ్ అవుట్' అంటే 1929లో బెస్సీ స్మిత్ పాడింది. 'హావ్ యూ ఎవర్ లవ్డ్ ఎ వుమన్' ఫ్రెడ్డీ కింగ్ గొంతులోది. 'ఇట్స్ టూ లేట్' చక్ విలిస్‌ది. 'లిటిల్ వింగ్' జిమీ హెండ్రిక్స్‌ది. ఈ పేర్లు వదిలేసి ఆల్బమ్‌ను పొగడడం అన్నం పెట్టినవాళ్లను మరిచినట్టే. ఆ అన్నం తిన్న క్లాప్టనే 1976లో బర్మింగ్‌హామ్ వేదిక మీద తాగి వలసవచ్చిన వాళ్ల మీద నోరు పారేసుకున్నాడు. దానికి జవాబుగానే ఇంగ్లండులో 'రాక్ ఎగైనెస్ట్ రేసిజం' ఉద్యమం లేచింది. ఇదీ లెక్కలో ఉండాలి.

మిగతా సగం మాత్రం ఒప్పుకోను. దొంగిలించినవాడు సరుకును త్వరగా దాటించాలని చూస్తాడు, వీళ్లు ఆ సరుకు దగ్గరే కూర్చుండిపోయారు. 'కీ టు ద హైవే' వినండి. పాట మొదలవదు, మెల్లగా దూరం నుంచి వినబడుతుంది. కారణం ఏమిటంటే పక్క గదిలో శామ్ సమూడియో అదే పాట రికార్డు చేసుకుంటుంటే విని, వీళ్లు ఊరికే వాయించడం మొదలుపెట్టారు. టేపు తిరగడం లేదు. డౌడ్ పరుగున వచ్చి, ముందు మిషను నొక్కండని కేకవేశాడు. అందుకే మొదలు లేదు. తొమ్మిదిన్నర నిమిషాలు దాటి సాగే పాటలో మనం ఆలస్యంగా వెళ్లి వెనక వరుసలో కూర్చున్నట్టుంటుంది. అమ్ముకోవడానికి వాయించేవాళ్లు అలా వాయించరు.

'లిటిల్ వింగ్' సంగతి ఇంకా బాధ. హెండ్రిక్స్‌కు నమస్కారంగా సెప్టెంబరు 9న వాయించారు. సెప్టెంబరు 18న హెండ్రిక్స్ పోయాడు. అతడికి వినిపించాలనుకున్న పాట లోకానికి నివాళిగా వెళ్లింది.

మిద్దెతోట

గిటార్ల వాళ్ల మధ్యకు నేనో పాత కథ పట్టుకొస్తున్నాను.

లైలా ఎవరో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మా అమ్మమ్మ 1949లో వచ్చిన భరణీ వారి సినిమా కథను, అక్కినేని, భానుమతి ఎదురుగా ఉన్నట్టే చెప్పేది. ఊళ్లో ఎవరైనా ప్రేమలో పడి చిక్కిపోతే "మజ్నూ అయిపోయాడు" అనడం మనకు అలవాటే. క్లాప్టన్‌కు మాత్రం ఆ కథ కొత్త. ఇస్లాం స్వీకరించిన స్నేహితుడు ఇయాన్ డల్లాస్ ఒక పుస్తకం ఇచ్చాడు. గంజా నగరపు కవి నిజామీ 1188 ప్రాంతంలో పారశీకంలో రాసిన కావ్యానికి అనువాదం అది. చదివి తనను తాను చూసుకున్నాడు. అప్పటికి అతడు ప్రేమిస్తున్నది తన ప్రాణస్నేహితుడు జార్జ్ హారిసన్ భార్య ప్యాటీ బాయ్‌డ్‌ను.

అందరూ 'లైలా' దగ్గర ఆగిపోతారు గాని, అదే ఆల్బమ్‌లో 'ఐ యామ్ యువర్స్' అనే చిన్న పాట ఉంది. దాని రచయితల పేర్లు చూడండి: క్లాప్టన్, నిజామీ. పన్నెండో శతాబ్దపు కవి రాక్ రికార్డు మీద సహరచయిత! ఇంతకంటే ముచ్చటైన సంతకం నేనెక్కడా చూడలేదు.

మరో పాట 'బెల్ బాటమ్ బ్లూస్'. అమెరికా నుంచి వస్తూ బెల్‌బాటమ్ ప్యాంట్లు తెమ్మని ప్యాటీ అడిగిందట, అది పాటైంది. మన నాన్నలు ఫొటోల్లో ఊడ్చుకుంటూ తిరిగిన అవే ప్యాంట్లు. ఒకరి గుండెకోతకు ఆ పేరు పెట్టాడని తెలిస్తే మా నాన్న ఆ ఫొటోలు దాచేవారు కాదేమో.

ఆ పాటలకు ఆమె వెంటనే కరిగిపోలేదు. 1974లో హారిసన్ నుంచి విడివడింది, 1979లో క్లాప్టన్‌ను పెళ్లాడింది, పదేళ్లకు ఆ పెళ్లీ ముగిసింది. అట్ట మీది అమ్మాయి బొమ్మ, ఫ్రాండ్‌సెన్ డి షాంబర్గ్ అనే చిత్రకారుడు వేసింది, చివరికి ప్యాటీ దగ్గరే ఉండిపోయింది. 2024లో ఆమె దాన్ని వేలం వేస్తే దాదాపు ఇరవై లక్షల పౌండ్లు పలికింది. మజ్నూ మిగిల్చిన ఆస్తి.

పాతక్యాసెట్టు

మిద్దెతోట గారూ, నిజామీ సంగతి మా అబ్బాయికి చదివి వినిపించాను. ఇప్పుడు వాడి ప్రశ్న మారింది: "డ్రమ్స్ వాయించే ఆయన పియానో ఎందుకు వాయించాడు?"

గోడమీదిపిల్లి

మారిన ప్రశ్నకు జవాబు నేనిస్తాను, ఎవరికీ నచ్చదు. ఆ పియానో మనిషి 1983లో కన్నతల్లిని చంపాడు. మీరంతా కళ్లు మూసుకుని వినే ఆ స్వర్గం అతడిది. పిల్లవాడికి ఇది కూడా చెప్పండి.

రాత్రిడ్యూటీ

ఇరవై రెండేళ్లు మానసిక వైద్య వార్డులో నర్సుగా చేసి ఈ మధ్యే పదవీ విరమణ పొందాను. ఈ వేదికలో మామూలుగా చదివి వెళ్లిపోతాను. ఈసారి రాయక తప్పడం లేదు.

చెప్పాలి, నిజమే. పూర్తిగా చెప్పాలి. జిమ్ గోర్డన్‌కు తీవ్రమైన స్కిజోఫ్రీనియా. చెవిలో గొంతులు వినిపించేవి, అందులో గట్టిది తల్లి గొంతు. తినవద్దంటుంది, పడుకోవద్దంటుంది, డ్రమ్స్ ముట్టుకోవద్దంటుంది. ఎన్నోసార్లు ఆసుపత్రుల్లో చేరాడు. తాగుడు వల్ల వచ్చిన ఇబ్బందిగా చూశారు గాని అసలు జబ్బును సమయానికి ఎవరూ పట్టుకోలేదు. 1983 జూన్ 3న ఆ ఘోరం జరిగింది. జబ్బు ఉందని కోర్టు కూడా కాదనలేదు. అయితే అప్పటికే కాలిఫోర్నియా చట్టాన్ని బిగించడంతో ఆ వాదన అతడిని శిక్ష నుంచి తప్పించలేకపోయింది. 1984లో పదహారేళ్ల నుంచి యావజ్జీవం దాకా అని శిక్ష వేశారు. బయటికి రాలేదు. 2023 మార్చిలో, డెబ్బై ఏడేళ్ల వయసులో, ఖైదీల వైద్య కేంద్రంలోనే పోయాడు.

మా వార్డులో ఒకాయన ఉండేవారు. గొంతులు వినిపించినప్పుడు స్టీలు గ్లాసు మీద చెంచాతో తాళం వేసేవారు. చక్కటి తాళం, ఒక్క దెబ్బ తప్పేది కాదు. తాళం ఆపితే గొంతు పెద్దదవుతుందని చెప్పేవారు. గోర్డన్ వాయించిన రికార్డుల జాబితా చూసినప్పుడల్లా నాకు ఆ గ్లాసు చప్పుడు వినిపిస్తుంది.

చనిపోయినావిడ మీద నాకు జాలి లేదని కాదు. వార్తల్లో ఆమెకు ఒక్క వాక్యం కూడా సరిగా దక్కలేదు.

గోడమీదిపిల్లి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా మాట దురుసుగా వచ్చింది, వెనక్కి తీసుకుంటున్నాను. వాస్తవం వాస్తవమే గాని చెప్పే తీరు అది కాదు.

మిద్దెతోట

ఈ కథలో ఇంకొకరి పేరు ఉంది. గాయని రీటా కూలిడ్జ్.

ఆమె అప్పట్లో గోర్డన్ స్నేహితురాలు. ఆ పియానో బాణీ తామిద్దరం కలిసి కట్టిందని, దానికి 'టైమ్' అని పేరు కూడా పెట్టుకున్నామని ఆమె చెబుతూ వచ్చింది. దాని రికార్డింగును క్లాప్టన్‌కు ఇచ్చామంటుంది. తర్వాత ఎక్కడో 'లైలా' వినబడితే చివర్లో తన బాణీ! రచయితల పేర్లలో తనది లేదు. ఆ పాటను 1973లో ఆమె అక్క ప్రిసిలా, బుకర్ టి. జోన్స్ కలిసి రికార్డు చేశారు, పక్కపక్కన పెట్టి వింటే చెవులే తీర్పు చెబుతాయి. బాబీ విట్లాక్ కూడా ఆమె మాటే నిజమన్నాడు. 1970లో ఒక యాత్ర మధ్యలో ఇదే గోర్డన్ ఆమెను హోటల్ వసారాలో కొట్టాడు, అక్కడితో ఆమె ఆ బంధం తెంచుకుంది.

క్యాసెట్టు గారు పేర్లు దాగిపోయాయన్నారే, అందరికంటే లోతుగా దాగింది ఈ పేరే.

ఆరుతీగలు

దీనికి కొసమెరుపు ఉంది. 1992లో క్లాప్టన్ 'అన్‌ప్లగ్డ్' కచేరీలో 'లైలా'ను నెమ్మదిగా, కుర్చీలో కూర్చుని పాడాడు. మరుసటి ఏడాది ఉత్తమ రాక్ పాటగా గ్రామీ వచ్చింది, రచయితలుగా క్లాప్టన్, గోర్డన్ ఇద్దరికీ. గోర్డన్ అప్పటికి జైల్లో తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. తమాషా ఏమిటంటే ఆ 'అన్‌ప్లగ్డ్' పాటలో పియానో భాగమే లేదు! అతడి పేరు ఏ ముక్క వల్ల వచ్చిందో ఆ ముక్క తీసేసిన పాటకు అతడికి బహుమతి వచ్చింది. అసలు కట్టిందని చెబుతున్నావిడకు రెండుసార్లూ ఏమీ రాలేదు.

గోర్డన్ చేతిని మీరంతా ఇంకోచోట విన్నారు. ఇన్‌క్రెడిబుల్ బాంగో బ్యాండ్ 1973లో వాయించిన 'అపాచీ'లో డ్రమ్స్ అతడివే. హిప్-హాప్ వాళ్లు ఆ దెబ్బల్ని కోసి కోసి వాడుకున్నారు. బ్లూస్ బృందపు డ్రమ్మరు తెలియకుండానే మరో సంగీతానికి పునాది రాయి వేశాడు.

సముద్రానికిఅటు

ఫ్లోరిడా నుంచి రాస్తున్నాను. పదిహేడేళ్లుగా ఇక్కడే ఉద్యోగం. వారసత్వం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నా వంతు.

ఆల్‌మన్ బ్రదర్స్ డ్రమ్మరు బుచ్ ట్రక్స్ తమ్ముడికి 1979లో జాక్సన్‌విల్‌లో కొడుకు పుడితే డెరెక్ అని పేరు పెట్టారు, ఈ బృందం పేరు మీదే. ఇంకో కొడుక్కి డ్వేన్. లేని మనిషి పేరు ఉన్న పిల్లవాడికి వచ్చిందన్నమాట. ఆ డెరెక్ ట్రక్స్ స్లైడ్ గిటారు పట్టి, ఇరవై ఆరేళ్లు దాటాక క్లాప్టన్ పక్కనే నిలబడి డ్వేన్ భాగాలు వాయించాడు. పెళ్లాడింది సూజన్ టెడెస్కీని. ఆమె పుట్టినరోజు 1970 నవంబరు 9. ఆల్బమ్ విడుదలైన రోజు అది! ఆ దంపతుల బృందం 2019 ఆగస్టులో వర్జీనియాలో ఒక ఉత్సవంలో ఆల్బమ్ మొత్తం వాయించింది, 2021లో రికార్డుగా వేసింది.

వాళ్ల కచేరీకి నేనొకసారి వెళ్లాను. బీరు గ్లాసులు, మడత కుర్చీలు, పక్కన ఒక ముసలాయన. డెరెక్ స్లైడ్ ఎత్తుకోగానే ఆ ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పాట అయ్యేదాకా పెట్టుకోలేదు. నేనేమీ అడగలేదు.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు కారులో 'లైలా' వేశాను. మొదటి సగానికి "ఆపరా తలనొప్పి" అంది. పియానో వచ్చాక ఊరుకుంది. చివర గిటారు మీద పిట్ట కూసినట్టు వస్తుంది కదా, డ్వేన్ స్లైడ్‌ను తీగల చివరికంటా తోసి తీసిన శబ్దం. అమ్మ కిటికీ దించి బయటికి చూసింది.

ఒకటిన్నరశ్రుతి

కిటికీ దించి చూసిందా! ఎంత బాగుంది.

పాతక్యాసెట్టు

మిగిలిన ఇద్దరి గురించి నేనే రాస్తాను, లేకపోతే ఈ చర్చ కూడా వాళ్లను మరిచిపోయేలా ఉంది.

డ్వేన్ 1971 అక్టోబరు 29న మేకన్‌లో మోటారుసైకిలు ప్రమాదంలో పోయాడు. ఇరవై నాలుగేళ్లు. ఈ బృందంతో వేదిక మీద అతడు వాయించింది డిసెంబరులో ఒకటి రెండుసార్లే. క్లాప్టన్ తలుపులు వేసుకుని హెరాయిన్‌తో కూర్చున్నాడు. 1973 జనవరిలో ద హూ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ రెయిన్‌బో థియేటర్ కచేరీ పెట్టి బయటికి లాగేదాకా దాదాపు కనిపించలేదు. 'లైలా' సింగిల్‌ను మొదట మూడు నిమిషాల లోపుకు కోసి వదిలారు. పియానో లేదు. 51 దగ్గర ఆగిపోయింది. 1972లో పూర్తి పాట వేస్తే అమెరికాలో పదో స్థానం. నా క్యాసెట్టుకూ అమెరికా రేడియోకూ ఒకే జబ్బు.

కార్ల్ రాడిల్ డెబ్బైల్లో కూడా క్లాప్టన్ వెనక బేసు వాయించాడు. 1979లో అతడిని పక్కన పెట్టారు. మరుసటేడు మే నెలలో, ముప్పై ఏడేళ్లకు, మూత్రపిండాల జబ్బుతో పోయాడు. 'కీప్ ఆన్ గ్రోయింగ్'లో బేసును మాత్రమే పట్టుకుని ఒకసారి వినండి. ఎక్కడా ముందుకు రాడు, తీసేస్తే మాత్రం ఇల్లు కూలిపోతుంది.

బాబీ విట్లాక్ మెంఫిస్ కుర్రవాడు. ఆ ఆల్బమ్‌లో క్లాప్టన్ గొంతు అనుకుని మనం విన్నదాంట్లో చాలా భాగం అతడి గొంతు కూడా. ఇద్దరూ ఒకరి వాక్యాన్ని మరొకరు లాక్కుంటూ పాడతారు. చివరి పాట 'థార్న్ ట్రీ ఇన్ ద గార్డెన్' పూర్తిగా అతడిది. తనతో ఉంటున్నవాడు తన పెంపుడు కుక్కను వదిలించేస్తే ఆ దుఃఖంతో కట్టిన పాట. అందరూ ఒక మైకు చుట్టూ గుండ్రంగా కూర్చుని వాయించారు. అంత పెద్ద 'లైలా' తర్వాత, కుక్క కోసం రెండు మూడు నిమిషాలు గొంతు తగ్గించి పాడి ఆల్బమ్ ముగిస్తారు. నా టేపులో అది లేదు. మొదటిసారి విన్నప్పుడు నాకు నలభై ఏళ్లు. 2025 ఆగస్టు 10న విట్లాక్ కూడా టెక్సస్‌లో పోయాడు. అయిదుగురిలో ఇప్పుడు క్లాప్టన్ ఒక్కడే.

మా వాడికి ఇదంతా చెప్పాను. "అయితే డెరెక్ ఎవరూ కాదన్నమాట" అన్నాడు. అయిదు పేర్లూ కాగితం మీద రాసిచ్చాను. వాడు పక్కన ఆరోది రాశాడు, రీటా అని.

ఒకటిన్నరశ్రుతి

నిన్న మనవడి చేత కంప్యూటరులో ఆ పియానో భాగం వేగం కొద్దిగా తగ్గించి, సరిగ్గా ఒకటి శ్రుతికి దింపించాను. నా హార్మోనియంతో కలిసిపోయింది. మొత్తం వాయించాను, ఒక్క స్వరం తప్పలేదు.

పిట్ట మాత్రం మూలిగినట్టుంది. మళ్లీ పాత వేగానికే పెట్టమన్నాను.

గోడమీదిపిల్లి

ఆదివారం ఫిల్‌మోర్ ఈస్ట్ కచేరీ రికార్డు మీద వేరే చర్చ తెరుస్తాను. డ్వేన్ లేకుండా నలుగురే వాయించినది, 1970 అక్టోబరుది. పొగడ్తలకు సిద్ధంగా రావద్దు, గోర్డన్ డ్రమ్స్ గురించి మాత్రం రాత్రిడ్యూటీ గారు మొదట రాయాలి.

రాత్రిడ్యూటీ

వస్తాను.